ఊరి వార్తలన్నీ తెలిసిన అబ్బాయికి ఇంటి కబురు చెప్పండి

ప్రశ్న: మాది విజయవాడ, సింగ్ నగర్ దగ్గర. మా వారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. మాకు ఒక్కడే అబ్బాయి. 2012లో ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. కోడలు, ఎనిమిదేళ్ళ మనవరాలు ఉన్నారు. ఫోన్ చేస్తే "ఎలా ఉన్నావమ్మా" అనేది ఒక్క ముక్కే. ఆ తర్వాతంతా బుడమేరు వాగు పనులు, అమరావతి, టీవీలో ఎవరు ఎవర్ని ఏమన్నారనే గోల. ఈ ఊళ్ళో ఉన్న నాకంటే వాడికే ఎక్కువ తెలుసు. 2024 ఎన్నికలకు పది రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు. ఇంట్లో పడుకున్నది మూడు రాత్రులు. వాడు చెప్పిన గుర్తుకు వాళ్ళ నాన్న ఓటెయ్యలేదని తెలిసి ఫలితాల రోజు ఫోన్లో పెద్ద గొడవ. "ఊళ్ళో ఉండి కూడా మీకేం తెలీదు నాన్నా" అన్నాడు. "అక్కడ కూర్చుని ఇక్కడి సంగతులు నీకెందుకురా" అని ఈయన అన్నారు. అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు. ఆ నెలాఖరున ప్రపంచ కప్పు ఫైనల్లో చివరి ఓవర్లో సూర్యకుమార్ క్యాచ్ పట్టగానే ఈయన చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. మళ్ళీ ఏమనుకున్నారో పక్కన పెట్టేశారు. 2025 అక్టోబరులో మొంథా తుపాను రోజున అబ్బాయి నాకు పద్నాలుగు సార్లు ఫోన్ చేశాడు. ఇక్కడ బాగానే ఉంది నాయనా అంటే నమ్మడు. "టీవీలో చూస్తున్నాగా, నువ్వు చెప్పకు" అంటాడు. రాత్రి రెండింటిదాకా ఫోన్ వదలడని, పిల్ల దగ్గరికొస్తే కసురుతున్నాడని కోడలు ఏడుస్తోంది. ఈ వార్తల పిచ్చి నుంచి వాణ్ణి ఎలా బయట పడెయ్యాలి?

ఇంకొకటి. బుడమేరు వరదప్పుడు వాడు కంగారు పడతాడని మాకేం కాలేదనే చెప్పాను. తర్వాత పక్కింటివాళ్ళ ఫొటోల్లో మా మంచం నీళ్ళలో తేలుతుండటం చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. 2025 జులైలో ఈయనకు గుండెకు స్టెంట్ వేశారు. అదీ వాడికి చెప్పలేదు.
— ఒక తల్లి, విజయవాడ

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఫోన్ వదలని కొడుకే కనిపించాడు. రెండోసారి మాత్రం "ఇంకొకటి" అంటూ చివర్లో రాసిన నాలుగు ముక్కల దగ్గర ఆగిపోయాను. మీరు వాటిని మర్చిపోయి తర్వాత చేర్చినట్టు రాశారు. నాకైతే అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఆ వరద రోజును ఒక్కసారి మీ అబ్బాయి వైపు నుంచి చూడండి. 2024 ఆగస్టు 31, శనివారం మన ఊళ్ళో కుండపోత. మొగల్రాజపురంలో కొండరాళ్ళు విరిగిపడి ప్రాణాలు పోయాయి. తెల్లవారి ఆదివారం పొద్దున్నకల్లా బుడమేరు మీ వీధుల్లోకి వచ్చేసింది. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి. ఒక పక్క రాయనపాడు రైల్వే స్టేషన్ నీళ్ళలో ఉన్న వీడియో, ఇంకో పక్క పిల్లల్ని భుజాలకెత్తుకుని జనం నీళ్ళలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ వైపు నడుస్తున్న వీడియో. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు తగిలాయి. మీకు కరెంటు లేదు, ఫోన్లో చార్జింగు లేదు. పైనుంచి డ్రోన్ తీసిన బొమ్మల్లో అతను తన ఇంటి డాబా వెతుక్కుని ఉంటాడు. అన్ని డాబాలూ ఒకేలా ఉంటాయి, చుట్టూ ఒకే రంగు నీళ్ళు. ఎప్పటికో మీ గొంతు వినిపించింది. "మాకేం కాలేదు నాయనా" అన్నారు. ఆ మాటకి ఆ రాత్రి నిద్రపోయి ఉంటాడు. ఆ తర్వాత మంచం ఫొటో చూశాడు.

ఆనాటి నుంచి మీ అబ్బాయి దృష్టిలో టీవీ నిజం చెప్పింది, అమ్మ చెప్పలేదు. తుపాను రోజు పద్నాలుగు సార్లు ఫోన్ చేసింది అందుకే. మీరు బాగున్నామని పద్నాలుగు సార్లు చెప్పినా అతని చెవికి అది వరదనాటి మాటలాగే వినిపించింది.

మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. మన తల్లులందరం ఇదే చేస్తాం, నేనూ చేశాను. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఆ మధ్య నా ఎడమ చెయ్యి విరిగి కట్టు కట్టారు. నెలన్నరపాటు వీడియో కాల్‌లో ఆ చెయ్యి కనపడకుండా పక్కకి తిరిగి కూర్చునేదాన్ని. ఒకరోజు మా మరిది కొడుకు పెళ్ళి ఫొటోలో కట్టు దొరికిపోయింది. అమ్మాయి అరవలేదు, ఏడవలేదు. "ఇంకా ఏమేం దాచావమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆ తర్వాత ఆరు నెలలు నేను ఒక్కసారి దగ్గినా దానికి అనుమానమే. రోజూ నాకు తెలియకుండా మా ఎదురింటావిడకి ఫోన్ చేసి నా సంగతి కనుక్కునేదని చాలా రోజులకు తెలిసింది. మన పిల్లలకు కంగారు తగ్గిద్దామని దాస్తాం. వాళ్ళేమో మనం దాచింది ఎక్కడుందా అని ఊరంతా వెతుకుతారు.

అందుకని "వార్తల పిచ్చి" అన్న మాట ముందు పక్కన పెట్టండి. ఆ మాట అతని ఎదుట కానీ, కోడలి దగ్గర కానీ అనొద్దు.

పరాయి దేశంలో కూర్చుని మన వార్తలు చూసేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడున్న మనకు అది తట్టదు. ఇక్కడ మనం వార్త చదివి వీధిలోకి వెళ్తాం. ఫలానా చోట రోడ్డు మూసేశారని పొద్దున్నే చూస్తాం, తొమ్మిదింటికి ఆటో అతను "అదేం లేదండీ, తెరిచారు" అంటాడు. పాలతను ఒక మాట చెబుతాడు, రైతుబజారులో ఇంకో మాట వినిపిస్తుంది. మధ్యాహ్నానికి పొద్దుటి వార్తలో సగం బలం పోతుంది. అతనికి ఆ వీధి లేదు. నిరుడు చూసిన ముక్కయినా, ఈ పూట చూసిన ముక్కయినా అరగకుండా అలాగే ఉంటుంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజులు గుర్తున్నాయా? కరాచీ రేవు ధ్వంసమైపోయిందని కొన్ని చానళ్ళు ఊదరగొట్టాయి. అది నిజం కాదని తేలింది. మనం పొద్దున లేచి కూరలు కొనుక్కున్నాం, పిల్లల్ని ట్యూషన్‌కి పంపుకున్నాం. అక్కడివాళ్ళు ఆ రాత్రుళ్ళు తల్లిదండ్రుల్ని బియ్యం, పప్పులు తెచ్చి పెట్టుకోమని బతిమాలుతూ గడిపారు. ఆ రోజుల్లో నా దగ్గరికొచ్చిన ఫోన్లలో ఎక్కువ ఇవే.

ఇంకొకటి కూడా ఉంది. ఒకప్పుడు వార్తలు అయిపోయేవి. పొద్దున ఆకాశవాణి విజయవాడ ప్రాంతీయ వార్తలు పది నిమిషాలు, "వార్తలు సమాప్తం" అనగానే నాన్నలు రేడియో కట్టేసి స్నానానికి లేచేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో సమాప్తం అనే మాటే లేదు. మీ అబ్బాయి రెండింటిదాకా మేలుకోవడంలో అతని తప్పు కొంత, ఆ ఫోన్ తప్పు కొంత.

ఇక అమరావతి సంగతి. 2012లో మీ అబ్బాయి విమానం ఎక్కినప్పుడు రాష్ట్రం ఒక్కటే, రాజధాని హైదరాబాదు. రెండేళ్ళకి 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, తుళ్ళూరు, మందడం రైతులు రోడ్డెక్కారు. మళ్ళీ 2025 మే 2న పనులు మొదలుపెట్టారు. ఏ పార్టీ వాళ్ళకి ఏది మంచిగా కనిపించినా, ఇవన్నీ అతను లేనప్పుడే జరిగాయి. ప్రతిదీ అతను ఒక గదిలో, ఒక తెర మీద ఒంటరిగా చూశాడు. నేను తిరిగొచ్చేసరికి నా ఊరు నాకు తెలిసిన ఊరుగా ఉంటుందా అనే బెంగ ఆ వయసు పిల్లల్లో చాలామందికి ఉంది. అది బయటికి కోపంగా వస్తుంది, చర్చగా వస్తుంది. ఇటువైపు స్థలాలు కొన్నవాళ్ళకి ధరల బెంగ కూడా ఉంటుంది. కానీ మీ అబ్బాయి విషయంలో ఆ మాట మీరు రాయలేదు కాబట్టి నేను ఊహించను.

ఈ బెంగ ఉన్నవాణ్ణి "ఇక్కడి సంగతులు నీకెందుకురా" అంటే అది ఎక్కడ తగులుతుందో ఆలోచించండి. నీకు ఈ ఊళ్ళో వాటా లేదు పో అన్నట్టే ఉంటుంది. అక్కడి పౌరసత్వం తీసుకోనంతవరకు మన చట్టమే అతనికి ఇక్కడ ఓటు ఉంచింది. ఫారం 6ఎ నింపి పేరు నమోదు చేసుకుంటే, పోలింగు రోజు పాస్‌పోర్టు పట్టుకుని వచ్చి వెయ్యొచ్చు. చట్టం ఇచ్చిన వాటాని తండ్రి కాదనకూడదు. మీ వారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి.

అయితే మీ వారి బాధ కూడా చిన్నది కాదు. బస్సులో అన్ని పార్టీలవాళ్ళనీ ఎక్కించుకుని ఇన్నేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి. తన ఓటు తను వేసుకున్నందుకు కన్నకొడుకు నిలదీశాడు. పైగా పది రోజులకని వచ్చినవాడు ఏడు రాత్రులు ఊళ్ళు పట్టుకు తిరిగి, మూడు రాత్రులే ఇంట్లో పడుకున్నాడు. ఓటు అడిగే హక్కు కొడుక్కి ఉంది, ఎవరికేశావని లెక్క అడిగే హక్కు లేదు. ఇందులో నేను మీ అబ్బాయి పక్షం వహించలేను. ఈ మాట అతనికి ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి. అయితే ఇప్పుడే వద్దు, మీ నోటి మీదుగా అసలే వద్దు. ఆయనే చెప్పుకోవాలి, ఇద్దరికీ మాటలు కలిశాక.

ముందు చెయ్యాల్సింది స్టెంట్ సంగతి చెప్పడం. ఇది వాయిదా వెయ్యకండి. రేపు ఎవరో చుట్టం నోటినుంచి వింటే వరదనాటి మంచం ఫొటో కంటే పదింతలు దెబ్బ. ఎలా చెప్పాలో మీకు తోచకపోతే ఇలా చెప్పండి: "నాయనా, వరదప్పుడు నీ దగ్గర దాచాను. జులైలో నాన్నకి స్టెంట్ వేస్తే అదీ దాచాను. ఇప్పుడు బాగున్నారు. ఇక మీదట ఏదీ దాచను." ఇంతే. "నువ్వు కంగారు పడతావని" అన్న ముక్క చేర్చకండి. అది చేరిస్తే తప్పు తిరిగి అతని మీదికే పోతుంది. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీ ఫొటోలు తీసి పంపండి. ఆ రాత్రి నొప్పి ఎన్నింటికి వచ్చింది, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు, ఎన్నాళ్ళు ఉంచారు, ఎంత ఖర్చయింది, ఇప్పుడు ఉప్పు ఎంత వేస్తున్నారు, ఆయన ఎంత దూరం నడుస్తున్నారు, అన్నీ చెప్పండి. అతను అరుస్తాడు. అరవనివ్వండి. రెండు రోజులు మాట్లాడకపోయినా మూడో రోజు మీరే ఫోన్ చేసి ఆ పూట బీపీ ఎంతుందో చెప్పండి. నమ్మకం మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో జలుబు చేసినా చెప్పాలి, మోకాలు నొప్పి చేసినా చెప్పాలి. "బాగున్నాం" అన్న మాట మీరు నిజంగా బాగున్నప్పుడే వాడాలి.

తుపాన్లు, వరదలు మళ్ళీ వస్తాయి. వాటికి ఇప్పుడే ఒక ఏర్పాటు చేసుకోండి. మీ వీధిలో పై అంతస్తులో ఉండేవాళ్ళు ఒకరిని, మీది కాని వేరే నెట్‌వర్క్ సిమ్ ఉన్నవాళ్ళని చూసి, వాళ్ళని అడిగి, నంబరు అబ్బాయికి ఇవ్వండి. వాన హెచ్చరిక ఉన్న రోజుల్లో పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి మీరు మీ గుమ్మం ముందు ఫొటో ఒకటి తీసి పంపాలి. ఫొటోలో నీళ్ళుంటే నీళ్ళే కనపడనివ్వండి. ఫొటో రాకపోతే అతను ఆ పొరుగువాళ్ళకి చెయ్యాలి. ఒక పవర్ బ్యాంకు చార్జి చేసి బీరువా పైన పెట్టుకోండి, కింద వద్దు. వరదప్పుడు మీ వైపు కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో మీకే తెలుసు. ఇంత చేస్తే పద్నాలుగు ఫోన్లు ఒక్కసారిగా ఆగవు. కానీ ఎదురుచూడటానికి అతనికి ఒక వేళ దొరుకుతుంది.

అతనికి ఇంట్లో ఒక పని అప్పగించండి. ఉత్తుత్తి పని కాదు. నాన్న మందులు ఎప్పుడు అయిపోతాయో, మళ్ళీ డాక్టరు దగ్గరికి ఏ రోజు వెళ్ళాలో ఆ లెక్క అతని చేతికివ్వండి. వరదలో తడిసిన గోడకి సున్నం వెయ్యాలా, పెచ్చు కొట్టించి మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించాలా అని అడగండి. ఇంకా ఆ నీటి గీత గోడ మీద ఉంటే దాని ఫొటో పంపి అడగండి. దసరాకి మూలా నక్షత్రం రోజు కొండ మీద ఎంత రద్దీయో అతను టీవీలో చూసేసి ఉంటాడు. అమ్మ ఆ వరసలో నిలబడిందా, కాళ్ళు నొప్పి పుట్టాయా, పులిహోర ప్రసాదం దొరికిందా, ఇవి ఏ చానలూ చెప్పదు. మీరు చెబితేనే తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఇంటి కబుర్లు మీ దగ్గర్నించి అతనికి అందలేదు. అందుకే అతను ఊరి కబుర్లు మోసుకొచ్చి మీకు వినిపిస్తున్నాడు. మీతో మాట్లాడటానికి అతని చేతిలో ఉన్నవి అవే మరి.

కోడలి విషయం కొంచెం జాగ్రత్త. ఆమె మీకు చెప్పిన మాటలు అతని దగ్గర ఎత్తకండి, ఆ అమ్మాయికి మీ మీద ఉన్న నమ్మకం పోతుంది. ఆమెకి మీరు చెప్పాల్సింది ఒక్కటే: స్టెంట్ సంగతి, ముందుగా. ఆ వార్త విన్న రాత్రి అతని పక్కన ఉండేది ఆమే. పడక గదిలోకి ఫోన్ తీసుకెళ్ళకూడదనే కట్టుబాటు భార్యాభర్తలు కూర్చుని చేసుకోవాలి, అత్తగారు చెప్పి జరిగేది కాదు. పిల్లని కసరడం, నిద్ర పట్టకపోవడం ఇంకొన్ని వారాలు ఇలాగే ఉంటే అక్కడే ఒక కౌన్సిలర్ని కలవమని ఆమెనే చెప్పమనండి. అందులో నామోషీ లేదు.

ఇక తండ్రీ కొడుకులు. మీ ఉత్తరం మొత్తంలో నాకు ధైర్యం ఇచ్చిన వాక్యం, క్యాచ్ పట్టగానే ఆయన చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళిందన్నది. అది 2024 జూన్ 29. గొడవ జరిగి నెల కూడా కాలేదు. మిల్లర్ కొట్టిన బంతి బౌండరీ దాటుతుందనుకుంటే సూర్యకుమార్ గీత అవతలికీ ఇవతలికీ అడుగేసి పట్టాడు, ఏడు పరుగులతో మనం గెలిచాం. ఆ క్షణంలో ఆయనకి గుర్తొచ్చింది ఓటు కాదు, పక్కన కూర్చుని అరవాల్సిన కొడుకు. డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం, శనివారం. అతని చెయ్యి కూడా ఫోన్ మీదికి వెళ్ళి ఆగి ఉంటుందని నా నమ్మకం. ఈ సంగతి మీరు అబ్బాయికి చెప్పండి. సలహా ఇవ్వొద్దు, రాజీ మాట ఎత్తొద్దు. "ఆ రోజు నాన్న నీకు చెయ్యబోయి ఆగిపోయారు" అని మాత్రం చెప్పి వేరే మాటలోకి వెళ్ళిపోండి.

మనవరాలిని మధ్యవర్తిని చెయ్యకండి. తాతకి సారీ చెప్పమను నాన్నని, అని పిల్లల చేత పలికిస్తారు కొందరు. అది పిల్లకి బరువు. తాతా మనవరాలి మాటలు వాళ్ళవిగానే ఉండనివ్వండి. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచారు కదా, ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది. తాతయ్యని ఆ కథ చెప్పమనండి. ఎనిమిదేళ్ళ పిల్లకి అమరావతి అర్థం కాదు, బంతి తిరగడం అర్థమవుతుంది. ఆ మాటలు గదిలో ఇంకెవరి చెవిన పడినా మంచిదే.

చివరగా వేళల సంగతి చూడండి. చలికాలానికి అక్కడ గడియారం మార్చాక డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మీ వారు పొద్దున ఆరున్నరకి కాఫీ తాగుతూ జిల్లా పేజీ తీసే సమయానికి అక్కడ ముందు రోజు రాత్రి ఏడు. ఆఫీసు నుంచి వచ్చి కూర్చునే వేళ. అదే పత్రిక అతని ఫోన్లోనూ వస్తుంది. రాత్రంతా చానళ్ళు తిప్పే బదులు ఆ ఒక్క పేజీ ఇద్దరూ ఒకే సమయానికి చదివితే, చదివి పేపరు మడిచేస్తే, ఆ రోజుకి వార్తలు సమాప్తం. మొదట్లో ఆయన ఒక ముక్క చదివి వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. బుడమేరు గట్టు పని ఎంతవరకు వచ్చిందో ఆయన నడిచి వెళ్ళి చూసి చెబితే ఇంకా మంచిది. డాక్టరు ఎలాగూ నడవమనే ఉంటారు. ఆ గట్టు గురించి కొడుక్కి నమ్మదగ్గ మనిషి ఇంకెవరున్నారు?

ఈ ఆదివారం పొద్దున స్టెంట్ సంగతి చెప్పండి. అరుపులు తగ్గాక "నాన్న ఎలా ఉన్నారు" అని అతను అడుగుతాడు. మీరు జవాబు చెప్పకండి. ఫోన్ ఆయన చేతిలో పెట్టి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోండి. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో వినాలనిపిస్తుంది. వినొద్దు, కుళాయి తిప్పుకోండి.